పన్ను లేని మిల్లులో మా అక్క

మా ఊరికి నూలు మిల్లు వస్తుందని తెలిసిన రోజు నుంచి పంచాయతీ ఆఫీసులో పెళ్లివారి హడావుడి మొదలైంది. డెబ్భైల చివరి మాట ఇది. పుత్తూరు నుంచి నగరి పోయే దారిలో, రోడ్డుకు ఆనుకొని ఉన్న మేత బీడును చూసి మెడ్రాసు ముదలాళి ఒకాయన ముచ్చటపడ్డాడు. యజమాని అంటే మా సరిహద్దు ఊళ్లలో ఎవరూ లెక్కచేయరు, ముదలాళి అంటేనే లేచి నిలబడతారు. ఆయన తన ముచ్చట తీరే దారి కూడా తనే చెప్పాడు. పక్క ఊళ్లోనూ స్థలం చూశాననీ, వాళ్లు పన్నులే వద్దంటున్నారనీ ఒక మాట అలా వదిలాడు.

దాంతో మా సర్పంచికి పౌరుషం పొడుచుకొచ్చింది. పక్క ఊరివాళ్లు వద్దన్నవాటికంటే ఒక పన్ను ఎక్కువే వద్దనాలని పట్టుబట్టాడు. మిల్లుకు ఐదేళ్లు ఇంటి పన్ను లేదు, నీటి పన్ను లేదు, దీపాల పన్ను లేదు అని తీర్మానం చేశారు. దానికి బదులుగా ముదలాళి ఊరివాళ్లకే ఉద్యోగాలు ఇస్తాడు. ఆ బీడులో తరతరాలుగా మేస్తున్న గొర్రెల సంగతి తీర్మానంలో ఎక్కడా లేదు.

భూమిపూజ రోజు సర్పంచి మైకు పట్టుకున్నాడు. "ఇంక మన పిల్లోళ్లు తిరుత్తణి, మెడ్రాసు అని యాడికీ పోవాల్సిన పన్లేదప్పా. పనే మనల్ని ఎతుక్కోని వస్తా ఉండాది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అక్క అందరికంటే గట్టిగా కొట్టింది.

మా నాయన మగ్గం నేసేవాడు. నూలు నేయించే షావుకారుది, చీర కూడా షావుకారుదే. నడుంనొప్పి ఒక్కటే నాయన సొంతం. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన అక్క పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రాట్నం ముందు కూర్చొని ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నేతకు కూలి ఉంది, కండె చుట్టడానికి లేదు. అది ఇల్లు ఊడ్చినట్టు, అంట్లు తోమినట్టు ఆడపిల్ల చేసే ఇంటిపని కిందే లెక్క. "నువ్వేం జేస్తాండావు పాపా?" అని ఎవరైనా అడిగితే, "ఊరికే ఇంట్లో ఉండాది" అని అమ్మే జవాబు చెప్పేది. ఆ మాటకు అక్క మొహం ఎలా వాడిపోయేదో నాకు ఇప్పటికీ గుర్తుంది. మిల్లులో చేరి, చేసిన పనిని పని అనిపించుకోవాలని దానికి పిచ్చి కోరిక.

మిల్లులో చేరాలంటే ఈ ఊరివాళ్లమని రుజువు చూపించాలి. అక్కడే చిక్కు వచ్చింది. పంచాయతీవాళ్లు బాగా ఆలోచించి, ఇంటి పన్ను కట్టిన రసీదే రుజువు అన్నారు. అంటే పన్ను కట్టని మిల్లులో పని కావాలంటే పన్ను కట్టినవాళ్లయి ఉండాలి. ఇంత గొప్ప ఆలోచన ఒక్క బుర్రలో పుట్టేది కాదు, అందరూ కూర్చొని చేసి ఉంటారు.

మా ఇల్లు వంక పోరంబోకులో, అంటే వాగు పక్కన సర్కారు స్థలంలో ఉండేది. తాత కాలం నుంచి అక్కడే ఉన్నా ఆ గుడిసెల వరసకు ఎవరూ పన్ను వేయలేదు. వేస్తే ఆ ఇళ్లు ఉన్నాయని ఒప్పుకున్నట్టవుతుందని పంచాయతీవాళ్ల భయం. కాబట్టి రాతలో మేము లేము. అక్క ఆ ఊళ్లోనే పుట్టింది, అక్కడి బళ్లోనే చదివింది, అక్కడి వంక నీళ్లే మోసింది. అయినా ఊరిది కాలేకపోయింది.

అలా మా నాయన తన ఇంటికి పన్ను వేయమని ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఇంట్లో చిన్నదాన్ని, బళ్లో చదువుతున్నదాన్ని కాబట్టి అర్జీ నేనే రాశాను. 'మా యందు దయయుంచి మా ఇంటికి పన్ను విధింపవలసినదిగా ప్రార్థన' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆఫీసులో అది చదివినవాళ్లు మా నాయన ఆరోగ్యం గురించి అడిగారట.

మా ఊళ్లో బిల్లు కలెక్టరు సైకిలు బెల్లు వినబడితే మగవాళ్లు పెరటి దారిన పోయేవాళ్లు, ఆడవాళ్లు "ఇంట్లో మొగోళ్లు లేరు సామీ" అనేవాళ్లు. ఆయనకు పాపం అదే అలవాటు. మా నాయన ఎదురెళ్లి సైకిలు హ్యాండిల్ పట్టుకొని, "సార్, మా ఇంటికి ఒకతూరి రండి, కాఫీ తాగి పన్ను రాసుకొని పోండి" అంటే ఆయన హడలిపోయాడు.

"ఏమప్పా, నన్ను యాడన్నా ఇరికించాలని సూస్తాండావా?" అన్నాడు.

"లేదు సార్. నా బిడ్డకు ఉద్యోగం కావాల."

"ఉద్యోగానికి, నా పన్నుకు ఏం సంబంధమప్పా?"

ఆ సంబంధం కల్పించినవాళ్లు ఆయన ఆఫీసులోనే ఉన్నారని నాయన ఓపిగ్గా చెప్పాడు. ఆయన కాఫీ తాగాడు గానీ పన్ను మాత్రం రాసుకోలేదు. ఆ తర్వాత మా వీధికి రావడమే మానేశాడు. పన్నుకు భయపడి జనం దాక్కునే ఊళ్లో, జనానికి భయపడి బిల్లు కలెక్టరు దాక్కున్న ముచ్చట మా వీధికే దక్కింది.

చివరికి పని అయింది, కానీ దయవల్ల కాదు. మిల్లుకు మాఫీ చేసి, పైగా దాని రోడ్డుకు దీపాలు, నీళ్లు సొంత ఖర్చుతో పెట్టించాక పంచాయతీ ఖజానాకు బొక్క పడింది. దాన్ని ఎలా పూడ్చాలా అని అందరూ తలలు పట్టుకొని కూర్చున్నప్పుడు మా నాయన అర్జీ గుర్తొచ్చింది. పన్ను వేయండి మహాప్రభో అని ఒకడు వెంటపడుతుంటే వేయకపోవడం పాపం కదా. మా గుడిసెల వరస మొత్తానికి వేశారు. ఇరుగుపొరుగువాళ్లు నాయనను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎదురింటి పెద్దమ్మ ఒకావిడ మాత్రం రోజూ పొద్దున్నే పేడనీళ్లు చల్లుతూ, "ఉద్యోగాలు మిల్లోడిస్తాడంట, పన్నులు మనం కట్టాలంట" అని మర్యాదగానే అనేది.

అక్క మిల్లులో చేరింది. యంత్రం మీద తెగిపోయిన పోగును, యంత్రం ఆగకుండా, వేళ్ల కొసలతో అతకడం దాని పని. నేతగాడి కూతురికి పోగుతో ఆడటం కొత్త కాదు. సాయంత్రం జుట్టు నిండా దూదిపింజలతో వచ్చేది. మిల్లు మోతకు అలవాటుపడి ఇంట్లో కూడా కేకలేసినట్టే మాట్లాడేది. మొదటి జీతంతో నాయనకు కళ్లద్దాలు కొనిపెట్టింది. ఇప్పుడు ఎవరైనా ఏం చేస్తున్నావంటే అమ్మకు సందు ఇవ్వకుండా తనే చెప్పేది. "మా మిల్లు" అనేది. ఆ "మా" అనే మాటను అది ఎంత ఇష్టంగా పలికేదో, ముదలాళి కూడా అంత ఇష్టంగా అని ఉండడు.

ఆ ఏళ్లలో ఊరి అభివృద్ధి చూడవలసిందే. పంచాయతీ దగ్గర డబ్బు లేక వీధిదీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మిల్లు రోడ్డులో మాత్రం దీపాలు దేదీప్యమానంగా వెలిగేవి. దీపాల పన్ను కట్టనివాళ్లకు దీపాలు, కట్టేవాళ్లకు చీకటి.

ఐదేళ్ల గడువు దగ్గరపడుతుంటే మిల్లుకు నష్టాలు రావడం మొదలైంది. గడువు తీరేసరికి నష్టాలు భరించలేనంత అయ్యాయి. ముదలాళి కళ్లు తుడుచుకొని గేటుకు తాళం వేయించాడు. పనివాళ్లందరూ గేటు ముందు నిలబడి, ఆయనకే ఏదో అయిపోయినట్టు జాలిపడ్డారు. కొన్నాళ్లకు పెయింటరు వచ్చి బోర్డు మీద పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశాడు. మిల్లును ముదలాళి బామ్మర్ది తీసుకున్నాడట. బామ్మర్దిది కొత్త పరిశ్రమ కాబట్టి పంచాయతీ మళ్లీ ఐదేళ్ల మాఫీ తీర్మానం చేసింది. అవే యంత్రాలు, అవే రేకులు, గేటులో అదే వాచ్‌మన్. బామ్మర్ది ఒక్కడే కొత్త.

అక్క సంతోషంగా క్యారియరు కడిగి పెట్టుకొని గేటు దగ్గరికి పోయింది. పాత గుమాస్తాయే బయటికి వచ్చాడు.

"నిన్ను తీసుకునేదానికి లేదమ్మా. కొత్త ఉద్యోగాలు ఇస్తేనే మాఫీ అని తీర్మానంలో ఉండాది. ముందర చేసినోళ్లను మల్లా పెట్టుకుంటే అది కొత్త ఉద్యోగం ఎట్టవుతాది?"

"నాకు పని తెలుసు గదన్నా?"

"తెలుసు కాబట్టే గదమ్మా, కష్టంగా ఉండాది."

నాయన సర్పంచి దగ్గరికి పరిగెత్తాడు. "ఊరికి కొత్తగా ఉద్యోగాలు రావాల గదప్పా. ఉండేవాటినే మల్లా ఇస్తే అభివృద్ధి యాడుంటాది?" అన్నాడు సర్పంచి. ఏళ్ల తరబడి మిల్లులో ఏ ఒక్క సంగతీ తనిఖీ చేయని పంచాయతీ, ఈ ఒక్కటీ కళ్లల్లో ఒత్తులు వేసుకొని తనిఖీ చేసింది. పాతవాళ్లు ఒక్కరు కూడా లోపలికి పోకుండా చూసింది.

నేను అప్పటికి పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నాను. ఏ పనీ చేసి ఎరగనని నా మొహమే చెప్పేది, కాబట్టి నన్ను వెంటనే తీసుకున్నారు. రుజువుకు మా ఇంటి పన్ను రసీదే చూపించాం. నేను పోనని ఏడిస్తే, "ఎవురో ఒకరు పోవాల గదా, పో మే" అంది అక్క. రాట్నం ముందు కూర్చోబెట్టుకొని పోగులు తెంపి, నా చేత అతికించింది. ఎడమచేతి బొటనవేలు ఎక్కడ ఉండాలో, చూడకుండా ఎలా అతకాలో, దుమ్ముకు దగ్గు రాకుండా ఊపిరి ఎలా తీసుకోవాలో అన్నీ చెప్పింది. నాకు రానప్పుడు మొట్టికాయలు వేసింది. ఆ మొట్టికాయలు కాస్త గట్టిగానే పడ్డాయి.

కొత్త మిల్లు ప్రారంభానికి సర్పంచి మళ్లీ మైకు పట్టుకున్నాడు. జనంలో ఉన్న మా నాయనను లేచి నిలబడమన్నాడు. "ఈయన ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలకు ఉద్యోగాలు ఇప్పించినాం. ఇట్టాటి కుటుంబాలు ఊర్లో ఎన్నో ఉండాయి" అన్నాడు. నాయన కళ్లద్దాలు సర్దుకొని నిలబడ్డాడు. అక్క కూడా అక్కడే ఉంది. దాన్ని ఎవరూ నిలబడమనలేదు.

నేను పనిలో చేరిన కొన్నాళ్లకు, కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎవరు నేర్పినారు నీకు? కొత్తదాని చెయ్యి మాదిరి లేదే."

"మా అక్క సార్."

"ఆమెను గూడా పిల్చుకొని రా. ఇట్ట చేసేవాళ్లు దొరకటం లేదు మాకు."

"మా అక్క ముందర ఈ మిల్లులోనే చేసింది సార్. బోర్డు మార్చకముందు."

"అయితే వద్దులే" అని పక్క యంత్రం దగ్గరికి పోయాడు.

ఆ సాయంత్రం పని దిగి ఇంటికి వచ్చాను. అక్క కండెలు చుడుతూ కూర్చుంది. నేను సర్పంచిని, పంచాయతీని, బామ్మర్దిని, వాళ్ల ఏడుతరాలను తిడుతూ జరిగింది చెప్పాను. అక్క రాట్నం ఆపింది.

"ఇట్ట చేసేవాళ్లు దొరకటం లేదన్నాడా?" అని అడిగింది.

"అన్నాడు. అని మల్లా వద్దన్నాడు గదా అక్కా."

వద్దన్న మాట దానికి వినబడలేదు. "అట్లయితే నాకు పని రాదని గాదు మానిపించింది" అంది, నాతో కాదన్నట్టు. అన్ని నెలలుగా అది అలా అనుకుంటూ ఉందని మాకెవరికీ తెలియదు.