బాపు ఆఖరి డ్యూటీ, మా డొక్కు కారు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, స్పానర్ తిప్పడం వస్తే చాలు, బాగుపడని బండంటూ ఉండదని. రెండోది, మా బావ ఏం చెప్పినా నిజమేనని. (ఆ రోజులంటే నన్ను ముసలివాణ్ణి చేసేయకండి. ఆరేళ్ల కిందటి మాటే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో మేనల్లుడి సంగతి చెబుతున్నట్టుంటుంది.) బావ అంటే మా అక్క మొగుడు. గోదావరిఖనిలో మోటార్ల వైండింగ్ కొట్టు నడిపేవాడు. కాలనీలో అందరికీ ఆయన వైర్ల బావే. ఇద్దరం కలిసి మంచిర్యాల తుక్కు షెడ్డు నుంచి ఒక పాత తెల్ల కారు తెచ్చి మా క్వార్టర్ వెనక నిలబెట్టాం. ప్రతి ఆదివారం దాన్ని విప్పి మళ్లీ బిగించేవాళ్లం. బిగించిన ప్రతిసారీ రెండు మూడు నట్లు మిగిలేవి. "జేసెటోళ్లే ఎక్కువ వెడ్తరు బామ్మర్ది, ఫికర్ జెయ్యకు" అంటూ బావ వాటిని జేబులో వేసుకునేవాడు.

కారు చాలదన్నట్టు బావకు రేడియో పిచ్చి కూడా పట్టింది. అగ్గిపెట్టెలంత డబ్బాలు రెండు తెప్పించాడు. సిమ్ము అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. డబ్బాను ఫోనుకు కలిపి మెసేజ్ రాస్తే, అది గాల్లోనే రెండు మూడు కిలోమీటర్లు పోయి రెండో డబ్బాలో కుయ్‌మనేది. మొదటిసారి బజారు నుంచి ఆయన పంపిన "టమాటలు తేవాల్నా?" నా చేతిలో కుయ్‌మన్నప్పుడు నేను వాకిట్లో గంతులేశాను. మా అక్క మాత్రం "ఫోన్ల అడిగితే టమాటలు రావా?" అని లోపలికి పోయింది.

ఇంతలో మా నాన్న రిటైర్మెంటు వచ్చింది. మేం ఆయన్ని బాపు అంటాం. బాపు బొగ్గుబాయిలో హాలేజీ పని, అంటే పట్టాల మీద బొగ్గు టబ్బులను లాగించే పని, ముప్పై ఏళ్లకు పైగా చేశాడు. మనిషి మాట్లాడేది బహు తక్కువ. "ఊఁ", "ఔ", "తిన్నవా" అనే మూడు మాటలతోనే నన్ను పెంచి పెద్ద చేశాడు. మా దగ్గర ఆఖరి డ్యూటీ అంటే ఒక పెళ్లంత సందడి. షిఫ్టు దిగి పైకి రాగానే తోటివాళ్లు మెడ నిండా దండలు వేసి డప్పులతో ఇంటిదాకా ఊరేగిస్తారు. దానికోసం కాక, అంటే బాపు తమ్ముడు, ఓపెన్‌టాప్ జీపు మాట్లాడి పెట్టాడు. నేను వద్దన్నాను. "బాపును నా కార్ల దీస్కొస్త" అన్నాను. బాపు దాన్ని ఏనాడూ కారు అని పిలవలేదు, డబ్బా అనేవాడు. నా పట్టుదలంతా అందుకే. జీపువాడికి వద్దని చెప్పేసి కాక నా దగ్గరికొచ్చి, "మనిషికి ఆఖరి డ్యూటీ ఒక్కపారే ఉంటది. ఆనాడు గిన నీ బండి ఆగిందనుకో, బిడ్డా..." అన్నాడు.

బాయి గేటు దగ్గర ఫోన్లు పలకవు. పైగా నిలబెట్టి ఇంజను ఆన్ చేసి ఉంచితే మా కారు వేడెక్కి ఆగిపోతుంది. అందుకని బావ ప్లాను వేశాడు. ఆయన ఒక డబ్బా పట్టుకుని గేటు దగ్గర ఉంటాడు. నేను రెండో డబ్బాతో అర కిలోమీటరు ఇవతల చాయ్ హోటల్ ముందు కారులో కూర్చుంటాను. బాపు పైకి రాగానే మెసేజ్ వస్తుంది, నేను స్టార్ట్ చేసి గేటు దాకా వెళ్లి ఎక్కించుకుంటాను. డబ్బాకు కరెంటు కారులోంచే. తాళంచెవి తిప్పి ఉంచితేనే ఆ కరెంటు వస్తుంది. ఒంటిగంట నుంచి మూడు దాకా తిప్పే ఉంచాను. "వచ్చిండా?" "రాలె." "ఇప్పుడు?" "బాయిల ఉన్నోడు ఎగిరొస్తడా?" "చాయ్ తాగినవా?" "తాగిన. నువ్వు?" రెండు గంటలు ఇదే సంబరం.

మూడు దాటాక డబ్బా కుయ్‌మంది. "పైకొచ్చిండు! జల్ది స్టార్ట్ జెయ్!" తాళం తిప్పాను. టిక్ అంది. మళ్లీ తిప్పాను. మళ్లీ టిక్కే. మా చాయ్ కబుర్లకు బ్యాటరీ అడుగంటింది, డబ్బాకు సరిపోయేంతే మిగిలింది. "లేస్తలేదు. నూకాలె" అని పంపాను.

కాసేపటికి నలభై మంది డప్పులతో సహా నా దగ్గరికే వచ్చారు. మధ్యలో దండల్లో మునిగిపోయి బాపు. కారును చూశాడు, నన్ను చూశాడు, "ఊఁ" అని డ్యూటీ బూట్లు పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. నలభై మందీ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు నెట్టారు. బండి అంగుళం కదల్లేదు. చూసి చూసి బాపు దిగాడు. టబ్బులతో బతికిన మనిషి, ఎట్లా ఊరుకుంటాడు? దండలన్నీ తీసి సీట్లో వదిలిన బూట్ల మీద పడేసి, "అందరు ఒక్కపారి నూకాలె, నేను జెప్పినప్పుడు" అన్నాడు. (అప్పటిదాకా నేను ఆయన నోట విన్న వాక్యాల్లో అదే పొడుగైంది.) బావ కిటికీలోంచి "లేసినంక ఆపకు, మళ్ల లేవది, సీద ఇంటికే" అన్నాడు. "హయ్యా!" అని బాపు అరవగానే బండి ముందుకు దూకింది, ఇంజను లేచింది, వెనక డోరు ధడాలున పడింది. బాపు ఎక్కాడనుకున్నాను. ఇక వెనక్కి చూస్తే ఒట్టు. చూద్దామన్నా వెనకటి అద్దం ఊడిపోయి నెలయింది.

దారంతా ఆనందం పట్టలేకపోయాను. వెనక సీటు పలకడం లేదంటే అందులో వింతేముంది, కూర్చున్నది బాపు కదా! ఆయన ముఖం కనబడదన్న ధైర్యంతో ఏనాడూ అననివన్నీ అనేశాను. "బాపూ, గిన్నేండ్లు నువ్వు భూమి కింద ఉంటే మేం పైన కూసొని తిన్నం. నాకెప్పుడు ఒక్క మాటనలె నువ్వు. ఇగ నువ్వు పైన ఉండు, నేను జూస్కుంట." నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన డబ్బా ఒకటే కుయ్ కుయ్. బావ శుభాకాంక్షలు పంపుతున్నాడనుకున్నాను.

ఇంటి ముందు కారు ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. మా అవ్వ, అంటే అమ్మ, హారతి పళ్లెంతో ఎదురొచ్చి వెనక డోరు తీసింది. లోపల దండలు, వాటి కింద ఒక జత బూట్లు.

"మీ బాపేడిరా?"

నేను సీటు కింద కూడా వెతికాను.

"బూట్లకియ్యాల్నారా హారతి?" అంది అవ్వ. నేను డబ్బా మెసేజ్‌లు చూశాను. "ఆగు." "ఆగురా, బాపు ఈడనే ఉన్నడు!" "ఎవల్ని దీస్కవోతున్నవ్?" ఆఖరిది మాత్రం నెమ్మదిగా రాసినట్టుంది. "బాపు అంటుండు, డబ్బా మంచిగ ఉరుకుతుందట. నడిసొస్తం, నువ్వు తిను."

జీపులో పది నిమిషాల్లో అయిపోయే ఊరేగింపు ఆ రోజు గంటసేపు సాగింది. ప్రతి క్వార్టర్ నుంచి మనుషులొచ్చి కలిశారు. ముందు కాక ఎగిరి ఎగిరి ఆడుతున్నాడు. నేను కారు వెనక దాక్కున్నాను. హారతి అయ్యాక బాపు నేరుగా నా దగ్గరికే వచ్చాడు. తిట్టినా కొట్టినా పడదామని నిలబడ్డాను. ఆయన ముందు డోరు తీసి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, "పా" అన్నాడు, అంటే పోదాం పద అని. ఈసారి నలభై మంది ఒక్క ఊపున నెట్టారు.

గోదావరి బ్రిడ్జి దాకా పోయాం. పక్కనే బాపు, మేమిద్దరమే, చెప్పాల్సిన మాటలు ఇందాకటివే. గొంతు సవరించుకుని, "గేరు జర గట్టిగున్నది బాపూ" అన్నాను. "ఔ" అన్నాడు. బండి వెనక్కి తిప్పేటప్పుడు, "క్లచ్చు సూడాలె" అన్నాడు.

గుండెలో ఉన్నదంతా బూట్లకు చెప్పేసి, మనిషికి మాత్రం గేరు సంగతి చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. బాపు రోజూ సాయంత్రం నా పక్కనే కూర్చుని చాయ్ తాగుతాడు. నేనింకా ఆయనతో క్లచ్చు గురించే మాట్లాడుతున్నాను.