మూతలాయన

వీధిలో ఆయన్ని కేబులాయన అనేవాళ్లు తక్కువ, మూతలాయన అనేవాళ్లే ఎక్కువ. ఏ ఇంటికి వెళ్లినా ముందు టీవీ వెనక్కి తొంగిచూసి, "వాడని వైరు ఇలా నోరు తెరుచుకుని ఉండకూడదమ్మా, చివర మూత బిగించాలి" అని మొదలుపెట్టేవాడు. చిటికెనవేలి కొనంత ఇత్తడి మూతలు జేబులో ఎప్పుడూ గలగలమంటూ ఉండేవి. తెరిచి ఉన్న వైరు మోటార్ల గోల, మిక్సీల గోల అంతా పీల్చి లైన్లోకి ఎక్కిస్తుందనీ, లైను వీధి మొత్తానికీ ఒకటే కాబట్టి ఒక్కింటి నిర్లక్ష్యానికి అందరి ఇంటర్నెట్టూ పాడవుతుందనీ చెప్పేవాడు. విన్నవాళ్లు తలూపి మర్చిపోయేవాళ్లు.

ఆ ఉదయం ఆయన మరదలికి ఇంటర్వ్యూ. ఇంట్లోంచే ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగం. అక్కాబావల దగ్గర ఉంటూ, ఎన్ని చోట్లకి రాసినా పిలుపు రాని పిల్లని ఇన్నాళ్లకి ఒకరు పిలిచారు. ముందుగదిలో గోడ శుభ్రంగా ఉందని టీవీని అక్కణ్ణుంచి తీసేసి, బల్ల వేసి, ఆమెని కూర్చోబెట్టి ఆయన పనికి బయల్దేరాడు.

వీధి మలుపు తిరగకముందే, ఇంటర్నెట్ సరిగ్గా రావట్లేదని వీధివాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. వాటి వెనకే భార్య ఫోను.

"ఏమండీ, వాళ్ల మాటలు దీనికి బాగానే వినిపిస్తున్నాయి. దీని మాటే వాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తోందట. ఇలాగే ఉంటే ఆపేస్తామంటున్నారు. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు!"

ఆయన వెనక్కి తిరిగాడు. లైన్లోకి గోల ఎక్కితే అచ్చం ఇలాగే ఉంటుంది.

లైన్లో గోల కొలిచే మీటరూ, నిచ్చెనా పట్టుకుని స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ వచ్చాడు. తప్పు తన ఇంటి ముందు స్తంభం దగ్గర తేలింది. దాని పెట్టెలోంచి నాలుగిళ్లకి వైర్లు. ఒక్కొక్కటే ఊడదీయాలి, ఏది తీస్తే గోల తగ్గుతుందో, దొంగ ఆ ఇంట్లోనే ఉన్నట్టు. కుట్టుపనావిడ వైరు తీశాడు. మీటరు చలించలేదు.

"ఏం మూతలాయనా, పాట మధ్యలో పీక నొక్కావు?" కింద నుంచి ఆవిడ కేక.

"ఒక్క క్షణం పిన్నిగారూ!"

"నీ క్షణాలు మాకు తెలియనివా నాయనా!"

రెండోదీ కాదు. మూడోదీ కాదు. నాలుగోదాని మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. అది తన ఇంటిది. పీకితే ఇంటర్వ్యూ అక్కడితో సరి. పీకకపోయినా ఇంకెంతసేపు ఓపిక పడతారు వాళ్లు?

అప్పుడు తట్టింది. పొద్దున టీవీ వైరు పీకింది తనే. బల్ల జరిపే హడావుడిలో దాని చివర మూత పెట్టాడా?

నిచ్చెన దిగాడో దూకాడో ఆయనకే తెలీదు. గుమ్మంలో భార్య అడ్డం నిలబడి గుసగుసగా కసిరింది. "లోపలికెక్కడికి? కెమెరాలో పడతారు!"

"పాక్కుంటూ వెళ్తాను."

"ఆ బొజ్జతోనా?"

పాక్కుంటూనే వెళ్లాడు, గలగలమనకుండా జేబు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని. బల్ల కింద, మరదలి పాదాల పక్కనే, వైరు నోరు తెరుచుకుని ఉంది. జేబులోంచి మూత తీశాడు. చెమట చేతిలోంచి జారి దొర్లింది. చూపు తెర మీదనుంచి తిప్పకుండానే మరదలు దాన్ని కాలివేళ్లతో నొక్కిపట్టి, మెల్లగా ఆయన వైపు తోసింది.

బిగించాడు.

"ఆఁ, ఇప్పుడు స్పష్టంగా ఉంది," అంది తెర మీది గొంతు. "కానీ అమ్మా, మా పనంతా ఇంటర్నెట్ మీదే. మీ ఇంట్లో రోజూ ఇలాగే ఉంటే ఎలా?"

బల్ల కింద ఆయన మూతని ఇంకో చుట్టు తిప్పాడు.

"ఉండదండీ. ఒక వైరుకి మూత పెట్టడం మర్చిపోయారు. ఇప్పుడే పెట్టారు."

"ఎవరు?"

"మా బావగారు. ఆయన చేసేది కేబుల్ పనేనండీ. అందుకే ఇంకెప్పుడూ మర్చిపోరు."

ఆయన చెవులు కాలిపోయాయి. అటువైపు ఎవరో పకపకా నవ్వారు.

"సరే, తర్వాతి ప్రశ్నకి వెళ్దాం."

మరదలి గొంతు ఈసారి ఎక్కడా తెగలేదు. ఆఖరి ప్రశ్న అయ్యేదాకా ఆయన ఆ బల్ల కిందే ఉండిపోయాడు, వదిలితే ఊడిపోతుందేమో అన్నట్టు మూతని రెండు వేళ్లతో పట్టుకుని.