అత్త ఇవ్వని అల్యూమినియం

కిందటి నెల ఒక మంగళవారం పొద్దున్న మా మేనత్త పోయింది. ఆస్పత్రి నుంచి ఫోను చేసినావిడ "ప్రశాంతంగా వెళ్లిపోయారు" అంది. నేను నమ్మలేదు. అత్త ప్రశాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

అనకాపల్లి ఊరి చివర అత్తకు పాతసామాన్ల యార్డు ఉంది. అంతకుముందు అత్త, మామ ఒక షావుకారు కొలిమిలో పనిచేసేవారు. పాత గిన్నెలు, ఫ్యాను రెక్కలు, ఇంజను ముక్కలు కరిగించి అల్యూమినియం దిమ్మలు పోసే చోటు అది. సామాను ఏరడం అత్త పని, కరిగించడం మామ పని. ఒకరోజు లోడు ఏరకుండానే కొలిమిలో వేసేయమన్నాడు షావుకారు. మామ వద్దన్నాడు. లారీ ఆగివుంది, వెయ్యమన్నాడు. అందులో మూత బిగిసిన గ్యాసు డబ్బా ఒకటుంది. అది పేలి, కరిగిన లోహం మామ మీద పడింది.

మామ తాగి పనిలోకి వచ్చాడని షావుకారు పోలీసులకు రాసిచ్చాడు. అత్తకు చదువు రాదు. ఆ కాగితం నాచేత చదివించుకుంది. 'మద్యం మత్తులో' అన్నచోట చదవడం ఆపేశాను.

"మళ్ళీ సదువు పాపా."

మళ్ళీ చదివాను. మామ కల్లు కూడా ముట్టని మనిషి. అత్త ఏడవలేదు. "ఆ మాట అబద్దమని ఆడి నోటితోనే సెప్పిత్తాను" అంది.

ఒక అయస్కాంతం, ఒక ఆకురాయితో సొంతంగా యార్డు మొదలుపెట్టింది. అయస్కాంతానికి అంటుకున్నది ఇనుము. మిగతాది గీసి చూసేది. ఎర్రగా మెరిస్తే రాగి, పచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. ఆమె ఏరిన అల్యూమినియంలో ఒక్క ఇనుప మేకు దొరికేది కాదు. షావుకారు దగ్గర ఏరే ఆడవాళ్లను ఒక్కొక్కరినే తన దగ్గరికి తెచ్చేసుకుంది. దేవరాపల్లి వైపు తోపుడుబళ్లవాళ్లూ పాతసామాను ఈమెకే తెచ్చేవారు. ఈ ఆడవాళ్లంటే నీకెంత ప్రేమో అన్నానొకసారి.

"పేమా ఉంది, ఆ షావుకారు మీద కసీ ఉంది. కసే ఎక్కువ."

కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేది: "మూసున్న డబ్బా ఏదొచ్చినా ముందు తెరవండి. తడుంటే ఎండబెట్టండి." ఒకసారి ఏరిన అల్యూమినియం గుట్ట మీద చెయ్యేసి నాతో అంది: "కొండ తవ్వి, ఎర్రమట్టి తీసి, బోల్డు కరెంటు కాల్చి దీన్ని సేసేరు. మళ్ళీ కరిగించడానికి కొంచెం మంట సాలు. ఎన్ని జన్మలైనా ఎత్తుతాది ఇది. మీ మామకి ఒక్కటే."

షావుకారుకు శుభ్రమైన సరుకు కరువైంది. అతను పోసిన దిమ్మలు పగుళ్లిస్తున్నాయని కొన్నవాళ్లు తిప్పి పంపారు. చివరికి తనే యార్డుకొచ్చాడు. అత్త కూర్చోమనలేదు.

"నీ సరుకు లేకపోతే కొలిమి ఆగిపోతాదమ్మా."

"మా ఆయన ఆ రోజు తాగేడా?"

"పాతవన్నీ ఇప్పుడెందుకు?"

"తాగేడా అని అడిగేను."

ఏరేవాళ్లంతా చేతులాపి చూస్తున్నారు. "తాగలేదు" అన్నాడు. అత్త అదే రాయించి, సంతకం పెట్టించి, నాచేత పైకి చదివించింది.

"మంచిది. ఇక ఎల్లండి."

"మరి సరుకో?"

"ఇత్తానని నేనెప్పుడన్నాను?"

ఆ కాగితంతో స్టేషనుకు వెళ్లాం. మూసిన కేసు మూసినట్టే ఉండిపోయింది. కొలిమి మాత్రం ఆ ఏడాదే ఆరిపోయింది.

క్షమించెయ్యమని చాలామంది చెప్పారు, ఒకప్పుడు నేను కూడా. ఆస్పత్రిలో ఆఖరి వారం అడిగింది: "ఆడింకా బతికే ఉన్నాడా?" ఉన్నాడన్నాను. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ కోపమే లేకపోతే మామ తాగుబోతుగానే మిగిలిపోయేవాడు. దాన్ని నాకూ కొంత ఇచ్చి వెళ్లినందుకు అత్తకు దణ్ణం పెట్టుకుంటున్నాను.

పెద్దకర్మ రోజున షావుకారు కర్ర పట్టుకుని బంతిపూల దండతో వచ్చాడు. యార్డు గేటు దగ్గరే ఆపాను.

"ఫొటోకి ఏసి ఎల్లిపోతాను తల్లీ."

"వద్దు."

కర్ర మీద బరువు మోపి నిలబడ్డాడు. జాలి వస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను. రాలేదు. దండను గేటు బయట తుక్కుగుట్ట మీద పెట్టి వెళ్లాడు. భోజనాలయ్యాక ఆడవాళ్లు పనిలోకి దిగారు. ఒకావిడ ఆ గుట్టలో ఇరుక్కున్న కిటికీ ఊచను లాగబోతూ, అడ్డొచ్చిన దండను కాలితో పక్కకు తోసి, ఊచను రెండు చేతులతో పట్టుకుంది.