వేలిముద్రకు మిగిలిన చోటు

తెలంగాణ ఏర్పడిన తొలి సంవత్సరాలలో, రామన్నపేట నుండి నల్లగొండ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న వృద్ధుడు ఒక కాగితం అందించి, "జర సదివి చెప్పు సారూ" అన్నాడు.

వారి ఊరి పాత దొర మనవడు తుపాకి లైసెన్సు కోరుతున్నాడు. గ్రామ పెద్దలకు అభ్యంతరం లేదని తెలిపే పత్రమది. అందరూ సంతకాలు చేశారు. ఈయన వేలిముద్రకు మాత్రమే చోటు మిగిలింది.

"పత్రం సక్రమంగానే ఉంది, వేలిముద్ర వేయవచ్చు" అన్నాను.

"దొర ఉండే గడి ముంగట చెప్పులేసుకొని నడిసిండని మా బాపును గీయన తాత తుపాకితోని కాల్చిండు సారూ. కేసు లేదు, పంచాయితీ లేదు."

"మీ తండ్రిని తాత చంపితే మనవడి తప్పేముంది?"

"ఏం లేదు. మంచోడే, తాతా అనే పిలుస్తడు. గీ కాయితం కోసం మూడుసార్లు ఇంటికొచ్చిండు. 'మా తాత చంపిండు' అని ఊర్ల ఒక్కసారి చెప్పు, ముద్దరేస్త అన్న. గంతే, కాయితం నా తాన్నే ఇడిసిపోయిండు, మళ్ల రాలే."

"అటువంటి షరతుకు నిబంధనలలో చోటు లేదు."

"మరి గీ జాగుంది గదా. గిండ్ల మా బాపు పేరు రాయి, ఎట్ల సచ్చిండో రాయి. నల్లగొండల పెద్ద పోలీసు సారుకు నేనే ఇస్త."

ముప్పై ఏళ్లు బడి నడిపినవాణ్ణి. గడి దాటి రాసిన విద్యార్థిని ఏనాడూ క్షమించలేదు. ఆ పత్రం ఇక చెల్లదని తెలిసే, అంచుల దాకా రాశాను.

"బాపు పేరు యాడుంది సారూ?"

చూపించాను. నల్లగొండ వచ్చేదాకా ఆయన దాని మీద నుండి వేలు తీయలేదు.