మందుల గడిలో రాసిన అబద్ధం

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నాంపల్లిలో ఒక ఆసుపత్రిలో రేడియాలజీ పీజీ చేస్తున్నాను. వయసుతో పాటు లాలాజల గ్రంథులు ఎలా మారతాయో అల్ట్రాసౌండ్‌లో చూడటం నా థీసిస్. పడుచువాళ్లలో చెవి ముందరి గ్రంథి ఒకే తీరుగా బూడిద రంగులో కనిపిస్తుంది. వయసు పైబడేకొద్దీ కొవ్వు చేరి తెల్లబడుతుంది. పడుచువాళ్లు సులువుగానే దొరికారు. అరవై దాటినవాళ్లే దొరకలేదు. పైగా నోరు ఎండబెట్టే మందులు వాడేవాళ్లను తీసుకోవద్దని మా గైడ్ గట్టిగా చెప్పారు. తీసుకుంటే మార్పు వయసుదో మందుదో తేలదు.

గడువు ముంచుకొస్తుంటే, ఆబిడ్స్‌లో చీరల దుకాణం మెట్ల పక్కన ఫాల్స్ కుట్టే పెద్దమ్మను అడిగాను. నా చీరలన్నీ ఆమే కుట్టేది. మరునాడే వచ్చింది.

"దారం తడుపుదమంటే నోట్ల తడి లేదు బిడ్డా. రొట్టె మింగుడు పడ్తలేదు. జర మంచిగ చూడు," అంది.

నేను ఫారం నింపుతుంటే సంచిలోంచి మాత్రల పట్టీ తీసి చూపించింది. "కాళ్ల మంటలకు గీ గోలీ ఇచ్చిన్రు. రెండేండ్ల సంది ఏసుకుంటున్న."

పేరు చూడగానే తెలిసింది. నోరు ఎండబెట్టే మందే అది. "సరేనమ్మా, లోపల పెట్టుకోండి," అన్నాను. మందుల గడిలో 'లేవు' అని రాశాను.

చెంప మీద జెల్ చల్లగా తగిలితే నవ్వింది. స్కాన్ అయ్యాక, "ఎందుకెండుతుంది?" అని అడిగింది.

"వయసమ్మా. అందరికీ ఇంతే."

"ఔ తియ్," అని లేచి వెళ్లింది.

మూడు నెలలకు చీర ఇవ్వడానికి వెళ్తే ఆమె చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. పళ్లు పుచ్చి రెండు పీకించుకుందట. జావే తాగుతోందట. పక్కనున్న కోడలు నా వైపు తిరిగి, "ఇంకో డాక్టరుకు చూపిద్దమంటే ఇంటలేదు మేడం. మిషన్ పెట్టి చూసిన్రు, వయసన్నరు, ఇంక మందేంది అంటది," అంది.

మరునాడు ఆటోలో ఆమెను ఆ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దారిలోనే చెప్పేశాను: మీ నోరు ఎండటానికి ఆ గోలీ కారణం కావచ్చు, ఆ రోజే నాకు తెలుసు, నా థీసిస్ లెక్క నిండాలని ఫారంలో రాయలేదు, అని.

ఆమె ముఖం బయటికి తిప్పుకుంది. "నేను చూపిస్తి గద," అంది. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

డాక్టరు మందు మార్చారు. నెలన్నరకు నోట్లో కాస్త తడి వచ్చింది. పోయిన పళ్లు పోయినట్టే.

గైడ్‌కు చెప్పినప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి, "ఇంకెంతమందికి ఇలా రాశావు?" అన్నారు. నాకే తెలియదు. కొందరిని అసలు అడగనేలేదు. పెద్దవాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేశాను. పెద్దమ్మ కాక మరో ఇద్దరిని తీసేయాల్సి వచ్చింది, థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది. ఫోన్లో ఒక పెద్దాయన, "గిది గప్పుడే అడగాలె గదమ్మా?" అన్నాడు.

"అడగాల్సిందే," అన్నాను.