రాఘవులు గారు దాచమన్న డబ్బా

"ఊరికే ఇచ్చినదాన్ని తిరిగి పంపేస్తారా అండీ? బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా?"

"బుద్ధి సంగతి మీరు చెప్పక్కర్లేదు రాఘవులు గారూ. మా ఆయన ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేశారు. రేడియో పెట్టుకున్నందుకే ఏటా లైసెన్సు కట్టించుకున్న సర్కార్లని చూశాను. టీవీ చూసుకోమని ఊరికే కార్డులు పంపుతారా? అరవకండి, నాకు వినపడుతోంది."

"వినపడదు కాబట్టే అరుస్తున్నా!"

రాఘవులు గారి గొంతు నేను మొదటిసారి విన్నది ఇలా. టెక్సస్ రాష్ట్రం, ఇర్వింగ్‌లో పెద్దవాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో, కింది అంతస్తులో, తెరిచి ఉన్న తలుపు బయట ఇరవై పౌండ్ల బియ్యం సంచీ భుజాన వేసుకుని నిలబడ్డాను. 2009 మే నెల. అప్పుడు నేను ఇండియన్ గ్రోసరీ షాపులో పని చేసేవాణ్ణి. కాలేజీ మానేసి ఏడాది. మా నాన్న నాతో మాట్లాడటం మానేసి కూడా ఏడాదే.

గొడవేమిటంటే, జూన్ పన్నెండు నుంచి పాత టీవీల్లో యాంటెన్నాతో బొమ్మ రాదు. ప్రసారాలు డిజిటల్ అయిపోతున్నాయి, వాటిని పాత టీవీకి అందించే ఒక డబ్బా తగిలించుకోవాలి. డబ్బా కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇంటికి రెండు కూపన్ కార్డులు ఇచ్చింది. అడిగిన వాళ్ళందరికీ ఇచ్చింది, బీదా గొప్పా అని చూడలేదు. ఆ ఇంటావిడ చాముండేశ్వరి గారి తరఫున రాఘవులు గారే అప్లై చేశారు. కార్డులు వచ్చాయి. ఆవిడ వాటిని కవర్లో పెట్టి, "థాంక్యూ, ఇవి ఎవరైనా బీదవాళ్ళకి ఇవ్వండి" అని చక్కటి ఇంగ్లీషులో ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, వచ్చిన చోటికే పంపేసింది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయ్యేదాకా గవర్నమెంట్ దగ్గర ఏదీ తీసుకోవద్దని పిస్కాటవే అనే ఊళ్ళో ఉన్న కొడుకు ఫోన్‌లో చెప్పాడట. ఆవిడ తూచా తప్పకుండా పాటించింది.

నవ్వొచ్చింది కానీ, ఆవిడకి టీవీ కాలక్షేపం కాదు. చెవులు దాదాపు పోయాయి. టెక్సస్‌లో టోర్నడో వస్తోందంటే ఊరంతా సైరన్ మోగుతుంది. అది ఆవిడకి వినపడదు. టీవీ అడుగున పరిగెత్తే ఎర్ర పట్టీయే ఆవిడ సైరన్. అది చదివి, దిండు తీసుకుని కిటికీల్లేని బాత్రూంలోకి వెళ్ళి కూర్చుంటుంది. అలా రెండుసార్లు కూర్చుందట. ఇంకో మూడు వారాల్లో ఆ పట్టీ పోతుంది. రాఘవులు గారు అరిచింది అందుకు.

ఆయన బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూశారు. డెబ్భై ఒకటేళ్ళ మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్.

"కారుందా?"

"షాపు వ్యాను ఉంది అంకుల్."

"ఏం చదువుతున్నావు?"

"మానేశాను."

"ఎందుకని?"

"కూర్చోలేకపోయాను."

"అయితే నా దగ్గర నిలబడే పని ఉంది. ఆదివారం రా."

అంతే. ఆ ఏడాది నన్ను "ఎందుకని" అని అడిగి, జవాబు విని, దాని మీద ఉపన్యాసం ఇవ్వని మనిషి ఆయనొక్కడే.

గుడివాడలో ఆయనకి రేడియో రిపేరు కొట్టు ఉండేది. టీవీలొచ్చాక టీవీలు. కూతురి దగ్గరికి వచ్చి ఆరేళ్ళు. డ్రైవింగ్ రాదు. హైవే పక్కన గడ్డిలో నడిచి పోతుంటే జనం కార్లాపి, అంతా బాగానే ఉందా అని అడిగేవారట. "బాగానే ఉంది, యాంటెన్నా తిప్పడానికి పోతున్నా" అని చెప్పేవారట, తెలుగులోనే. అలా నడిచే ఆ అపార్ట్‌మెంట్లలో పదకొండు ఇళ్ళకి డబ్బాలు బిగించారు. తర్వాత ఇంకో ఆరు ఇళ్ళకి మేమిద్దరం బిగించాం. టవర్లు దక్షిణాన సీడర్ హిల్‌లో ఉన్నాయని, యాంటెన్నా ఆ వైపు కిటికీలో పెట్టాలని, వైరు చివర రాగి తీగ గోరంత బయటికి ఉండాలని, బొమ్మ చతురస్రాలుగా విరిగితే బెంబేలు పడకుండా అంగుళం జరపాలని ఆయనే నేర్పారు. నేను తీగ తెంపితే తిట్టేవారు. మళ్ళీ ఇంకో తీగ చేతికిచ్చేవారు.

చాముండేశ్వరి గారి ఇల్లు ఒక్కటే మిగిలిపోయింది. కూపన్ల నంబరుకి నేను ఫోన్ చేశాను. ఇంటికి రెండే ఇస్తాం, ఆ ఇంటికి రెండూ పంపేశాం అన్నారు. సొంతంగా కొందామంటే ఆ వారం మేం తిరిగిన నాలుగు షాపుల్లోనూ డబ్బాలు లేవు. జూన్ పదకొండున రాఘవులు గారు నన్ను వాళ్ళింటికి రమ్మన్నారు. తన గదిలోని చిన్న టీవీకి ఉన్న డబ్బాని ఊడదీసి సంచిలో పెట్టారు. హాల్లో పెద్ద టీవీ ఉంది కానీ, అది మనవడి గేముల రాజ్యం. ఆయన సాయంత్రాలు ఈ చిన్నదాంట్లో బేస్‌బాల్ చూసేవారు. రూల్స్ ఒక్కటీ తెలీవు.

"మరి మీకు?" అన్నాను.

"నాకు సైరన్ వినపడుతుంది. పద."

ఊరికే ఇస్తే ఆవిడ తీసుకోదని ఇద్దరికీ తెలుసు. గుమ్మంలో నిలబడి ఆయన గట్టిగా అన్నారు: "చాముండేశ్వరి గారూ, మీరు నాకో సాయం చెయ్యాలి. ఈ డబ్బా మీ దగ్గర దాచండి. మా ఇంట్లో ఉంటే మనవడు ముక్కలు చేస్తాడు."

"దానికేం, అలమరాలో పెట్టండి."

"అలమరాలో పెడితే పాడైపోతుందండీ. రోజూ కరెంటు పారాలి. టీవీకి తగిలించి కాసేపు చూస్తుండాలి. మీకు శ్రమే."

ఆవిడ ఆయన్ని చూసింది, డబ్బాని చూసింది, నన్ను చూసింది. నేను చూపు తిప్పేసుకున్నాను.

"గవర్నమెంటుది కాదుగా?"

"నాదండీ. నా టీవీకి ఉన్నదే."

"సరే, శ్రమకేముంది. ఆగండి." లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి రాసింది: "రాఘవులు గారి డబ్బా ఒకటి, రిమోటు ఒకటి, దాచుటకు పుచ్చుకొంటిని." తారీఖు వేసి సంతకం పెట్టింది. పోస్టాఫీసు ఇల్లాలు మరి. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. పావుగంటలో బొమ్మ వచ్చింది. మాటలు కింద అక్షరాల్లో పడేలా రిమోటులో మీటలు నొక్కి, ఆవిడ చేత కూడా మూడుసార్లు నొక్కించారు.

ఆ నెలాఖరున ఓ మధ్యాహ్నం సైరన్ మోగింది. ఆవిడ ఆ పట్టీ చూసిందో లేదో చూడాలని రాఘవులు గారు షాపుకి ఫోన్ చేశారు. వద్దంటే వినరని ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరాను. అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లోకి వచ్చేసరికి నిమ్మకాయలంత వడగళ్ళు. వ్యాను అద్దం పగిలింది. దిగడానికి లేకపోయింది. ఆయన ఆవిడ తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలకి గాలి తగ్గింది. తలుపు తెరుచుకుంది. చంకలో దిండుతో చాముండేశ్వరి గారు బయటికొచ్చి, వడగళ్ళని చూసి, తర్వాత మమ్మల్ని చూసి మండిపడింది.

"ఇలాంటప్పుడు రోడ్ల మీద తిరుగుతారా? వయసొచ్చింది ఎందుకు? అరగంట నుంచి రాస్తూనే ఉన్నారు, టీవీ చూళ్ళేదా?"

"లేదండీ" అన్నారు రాఘవులు గారు. అంత హాయిగా తిట్లు తిన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నేను ఇళ్ళకి యాంటెన్నాలూ వైర్లూ వేసే పని చేస్తున్నాను. నా సొంత వ్యాను. మా నాన్న మాట్లాడుతున్నాడు. ఇదంతా ఎవరి చలవో నాకు తెలుసు. చెబితే ఆయన ఒప్పుకోరు, వైరు సరిగ్గా ఒలవడం ఇంకా రాలేదంటారు.

ఆ సెప్టెంబర్‌లో ఆయన రెండో కూతురి దగ్గరికి ట్రాయ్ అనే ఊరికి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో దింపుతుంటే నా మోచెయ్యి పట్టుకుని అడిగారు.

"ఫణీ, ఛానెళ్ళు అప్పుడప్పుడు చోటు మారతాయి. డబ్బా చేత మళ్ళీ వెతికించాలి. ఆవిడ ఫోన్ చెయ్యదు, అడగదు. నెలకోసారి నువ్వే వెళ్ళరా. బెల్లు కొట్టకు, లాభం లేదు. కిటికీ ముందు నిలబడి చెయ్యి ఊపు. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని, నువ్వెవరో పోల్చుకునేదాకా కదలకు."