ఎండలో తడిసిన పిల్లి

దెయ్యాలు, గాలులు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా వాడకట్టులో ఎవరైనా గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటే ముందుగా నవ్వేది నేనే. అందుకే ఇది చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం బెరుకు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

డెబ్బైల చివర్లో వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లం. గంజి పెట్టిన నూలును ఎలుకలు కొరికేస్తుంటే పిల్లి కోసం సాయన్న దగ్గరికి వెళ్లాను. ఆయన పశువుల దవాఖానలో కాంపౌండర్. దిక్కులేని కుక్కల్ని, పిల్లుల్ని ఇంట్లో పెట్టుకుని సాకేవాడు.

ఆయన ఇంట్లో బస్తాల వెనక రెండు పెద్ద పిల్లులు ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చున్నాయి. నల్లది మగది, బూడిదరంగుది ఆడది. మనిషి అలికిడికే వణికిపోతున్నాయి. నాకు ఒకటి చాలన్నాను.

"ఒక్కటి ఇయ్య తమ్మీ. తీస్కపోతే రెండు తీస్కపో. ఓసారి విడదీసి సూసిన, రెండూ తిండి ముట్టలే" అన్నాడు సాయన్న.

రెండింటినీ గంపలో తెచ్చాను. మగ్గం కింద నేను కాళ్లు పెట్టుకునే గుంటలో ఓ మూలకు చేరాయి. నాలుగు నెలలైనా ఒంటి మీద చెయ్యి వేయనివ్వలేదు. నా భార్య సరోజన పాలన్నం పెట్టి అటు తిరిగి కూర్చుంటేనే తినేవి.

ఎండాకాలం వచ్చింది. నా బామ్మర్ది రాజేశం దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, గోదారి ఒడ్డునున్న ఏటూరునాగారం అంగడిలో అమ్మడానికి జంపఖానాల మూట తీసుకుని బస్సెక్కాడు. ఆ సాయంత్రం నుంచి నల్లపిల్లి కనిపించలేదు. రెండు రోజులు గల్లీలన్నీ వెతికాం. ఆడపిల్లి గుంటలోంచి కదల్లేదు, పాలు ముట్టలేదు.

"అది దొరకకుంటే ఇది గూడ దక్కది" అని సరోజన కళ్లు తుడుచుకుంది.

మూడో రోజు నేస్తూ ఉన్నాను. బయట ఎండ మండుతోంది. కాలికి చల్లగా ఏదో తగిలింది. వంగి చూస్తే ఆడపిల్లి. నిలువెల్లా తడిసిపోయింది. మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఊపిరందక దగ్గుతూ, నాలుగు కాళ్లూ ఈదుతున్నట్టు కొట్టుకుంటోంది.

గబుక్కున పైకి తీసి భుజం మీది తువ్వాలతో తుడిచాను. నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. తువ్వాలకు సన్నటి తెల్ల ఇసుక అంటింది. అప్పుడే మిల్లు పన్నెండు గంటల సైరన్ మోగింది.

సరోజన పరుగెత్తుకొచ్చి కప్పు వైపు చూసింది. గుంటలో వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. నీళ్ల కాగు మూత పెట్టినట్టే ఉంది, నిండుగా. మాది ఎర్రమట్టితో అలికిన ఇల్లు, ఇసుక అనేదే లేదు.

మర్నాడు సాయంత్రం రాజేశం వచ్చాడు. చేతిలో కండువా, అందులో నల్లపిల్లి. మేం నోరు విప్పకముందే వాడే మొదలుపెట్టాడు.

"బావా, ఇది మూటల దూరి నాతోటి వచ్చింది. అంగడిల మూట ఇప్పంగనే ఉరికింది. నిన్న గోదారి రేవుల ఓ పడవల కనవడ్డది. పట్టవోతె బెదిరి నీళ్లల్లకు దుంకింది. మునిగింది. పడవాయన తీసి ఇసుకల పండవెడితే సచ్చిందే అనుకున్న. జరసేపటికి దగ్గి కండ్లు తెరిచింది."

"ఎన్నింటికి?" అని అడిగాను.

"నడి పొద్దు. పడవాయన సద్ది ఇప్పుకునే యాళ్ల."

సరోజన నిన్నటి తువ్వాల తెచ్చి, దానికంటిన తెల్ల ఇసుకను అరచేతిలోకి దులిపింది. అంతలో ఆడపిల్లి గుంటలోంచి పైకొచ్చింది. ముగ్గురు మనుషులున్నా జంకకుండా మా మధ్య నుంచే నడిచి వెళ్లి, నల్లదాని చెవి నాకడం మొదలుపెట్టింది.

సాయన్నకు చెబితే నవ్వలేదు. "నన్నడుగకు తమ్మీ, నాకెరుక లేదు" అన్నాడు.

తరువాత ఎన్ని విధాల ఆలోచించినా నాకూ అంతు చిక్కలేదు. ఆ రెండూ ఇంకో ఆరేళ్లు మా ఇంట్లోనే బతికాయి. అవి నిద్రపోతున్నప్పుడు మగ్గం ఆపి చూస్తూ కూర్చునేవాణ్ని. ఒకటి బెదిరితే రెండోదానికీ తగులుతుందేమోనని, వాటి ముందు గొంతు పెంచి మాట్లాడటం మాత్రం మళ్లీ నా వల్ల కాలేదు.